వరండాలో డెజర్ట్ కూలర్: మే నెలలో చల్లగా, జూలైలో జిడ్డుగా ఎందుకు?

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎండాకాలం సాయంత్రం పూట ఇంట్లో కూర్చోవడం కష్టం. పగలంతా కాగిన మిద్దె రాత్రి పది దాటినా సెగ కక్కుతూనే ఉంటుంది. కుర్చీలు, మంచాలు వరండాలోకో, ఇంటి ముందు రేకుల షెడ్డు కిందికో వచ్చేస్తాయి. తెరిచి ఉన్న చోట ఏసీ పెట్టలేం. ఫ్యాను వేస్తే 40 డిగ్రీల గాలినే మొహం మీదికి తోలుతుంది. ఇక మిగిలేది కూలరే. మూడు వైపులా తెరిచి ఉన్న వరండాలో ఏ రకం కూలర్ ఎంత పని చేస్తుంది, ఎప్పుడు చేయదు, ఎక్కడ పాడవుతుంది అన్నది ఈ సమీక్ష. గదిలో వాడకం వేరే లెక్క, దాని జోలికి పోవడం లేదు.

తీర్పు ముందే చెప్పేస్తాను. పది పన్నెండు అడుగుల వరండాకు 18 అంగుళాల ఫ్యాను, మూడు వైపులా ప్యాడ్లు ఉన్న ఇనప రేకు కూలర్‌ను మించింది లేదు. దానికి ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. అది కుదరని ఇంట్లో ప్లాస్టిక్ బాడీ డెజర్ట్ కూలర్ కొనండి, గాలి కాస్త తగ్గినా షాకు భయం తగ్గుతుంది. సన్నగా నిలువుగా ఉండే టవర్ కూలర్లు, 10–20 లీటర్ల పర్సనల్ కూలర్లు వరండాకు దండగ. అవి తోలే కాస్త గాలి నాలుగు అడుగులు దాటకముందే బయటి వేడిలో కలిసిపోతుంది.

ఏ కూలర్ కొన్నా అది ఎంత చల్లబరచగలదో నిర్ణయించేది కంపెనీ కాదు, ఆ పూట గాలిలో ఉన్న తేమ. కూలర్‌లో చల్లదనం తయారు చేసే యంత్రమేదీ లేదు. తడి ప్యాడ్ గుండా వేడి గాలి వెళ్ళేటప్పుడు నీళ్ళు ఆవిరవుతాయి, ఆవిరవడానికి కావలసిన వేడిని ఆ గాలి నుంచే లాక్కుంటాయి. గాలి ఎంత పొడిగా ఉంటే అంత ఎక్కువ నీళ్ళు ఆవిరవుతాయి. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపించే వేడిమి ఎంతో, కూలర్ గాలి దానికంటే కిందికి దిగలేదు. మంచి ప్యాడ్ ఉన్న కూలర్ కూడా బయటి వేడిమికి, ఆ తడి గుడ్డ వేడిమికి మధ్య ఉన్న తేడాలో ముప్పావు వంతు దాకానే దించుతుంది.

మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉందనుకోండి. తడి గుడ్డ థర్మామీటరు 24 దగ్గర నిలుస్తుంది. తేడా 18, అందులో ముప్పావు వంతు 13.5. అంటే కూలర్ నోటి దగ్గర 28.5 డిగ్రీల గాలి వస్తుంది. ఈ లెక్క చూస్తే మన ఎండాకాలానికి కూలర్ ఎందుకంత బాగా కుదిరిందో తెలుస్తుంది. జూలైలో మబ్బు పట్టిన మధ్యాహ్నం 35 డిగ్రీలు, తేమ 55 శాతం. తడి గుడ్డ వేడిమి 27.5. కూలర్ దించేది ఐదున్నర డిగ్రీలు. వాన పడి వెలిసిన రాత్రి 29 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే దించేది మూడు డిగ్రీలు కూడా కాదు. పైగా ఆ మూడు డిగ్రీలకు బదులుగా గాలిని ఇంకా తడిపి వదులుతుంది. ఒంటి మీద చెమట ఆరదు, మెడ కింద జిడ్డు, దిండు గలీబు చెమ్మ. చాలామంది ‘కూలర్ చెడిపోయింది’ అని మెకానిక్‌ను పిలిచేది సరిగ్గా ఈ రోజుల్లోనే. కూలర్‌లో ఏ లోపమూ ఉండదు.

ఇంకో సంగతి. మే నెలలో కూడా రోజంతా తేమ ఒకేలా ఉండదు. గాలిలో ఉన్న నీటి ఆవిరి అంతే ఉన్నా, రాత్రి చల్లబడేకొద్దీ తేమ శాతం పెరుగుతుంది. మధ్యాహ్నం 20 ఉన్నది తెల్లవారుజాముకు బాగా ఎక్కేస్తుంది. అందుకని ప్యాడ్ల మీదికి నీళ్ళు ఎక్కించే పంపు నడపాల్సింది పొద్దున పదకొండు నుంచి రాత్రి తొమ్మిది పది దాకా. ఆ తర్వాత పంపు ఆపి ఉత్త ఫ్యాను నడిపితే నిద్ర బాగా పడుతుంది. రాత్రంతా పంపు వేసి పడుకుని, పొద్దున ఒళ్ళు బరువుగా ఉందని కూలర్‌ను తిట్టుకోవడంలో న్యాయం లేదు.

మీ వరండాలో ఈ పూట కూలర్ పనిచేస్తుందా లేదా తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. గోడకు తగిలించే గాజు గొట్టం థర్మామీటర్లు రెండు తెచ్చుకోండి. జ్వరం చూసేవి పనికిరావు. ఒకదాని అడుగు బుడ్డకు పలుచని నూలు గుడ్డ చుట్టి తడపండి. రెండిటినీ నీడలో ఫ్యాను గాలికి ఐదు నిమిషాలు ఉంచి చూడండి. తేడా పది డిగ్రీలకు పైన ఉంటే నిశ్చింతగా పంపు వేయండి. ఐదు నుంచి పది మధ్య ఉంటే వేయొచ్చు, కానీ కూలర్‌కు దగ్గరగా కూర్చోవాలి. ఐదులోపు ఉంటే పంపు ఆపేయండి. ఆ పూటకు ఫ్యానే మేలు.

థర్మామీటర్ లేకపోయినా తొట్టి చూస్తే తెలిసిపోతుంది. గంటకు 3000 ఘనపు మీటర్ల గాలి నిజంగా తోలే కూలర్, మే మధ్యాహ్నం గంటకు 18 లీటర్ల దాకా నీళ్ళు తాగుతుంది. జూలై మధ్యాహ్నం అదే కూలర్ ఏడెనిమిది లీటర్లు, వాన రాత్రి నాలుగు లీటర్లలోపు. ‘ఈ కూలర్ నీళ్ళు ఎక్కువ తాగుతుంది’ అని ఫిర్యాదు చేసేవాళ్ళకు ఇదే సమాధానం. ఎంత తాగితే అంత చల్లబరిచిందని అర్థం. ఎండ మండుతున్నా తొట్టిలో నీళ్ళు తగ్గకపోతే మాత్రం అనుమానించాలి. పంపు నీళ్ళు ఎక్కించడం లేదు, లేదా ప్యాడ్ మూసుకుపోయింది.

దీన్నిబట్టి ఐసు ముక్కల సంగతి కూడా తేలిపోతుంది. ఐదు కిలోల ఐసు తొట్టిలో వేస్తే, అది కరిగి వేడెక్కేదాకా లాక్కునే వేడి, దాదాపు ఒక లీటరు నీళ్ళు ఆవిరైతే లాక్కునే వేడితో సమానం. ఎండలో కూలర్ మూడు నిమిషాల్లో చేసే పని అది. ఐస్ చాంబర్ ఉందని వెయ్యి రూపాయలు ఎక్కువ అడిగితే ఇవ్వకండి. మిద్దె మీది ట్యాంకులో కాగిన నీళ్ళు పోస్తున్నామని బాధ కూడా అక్కర్లేదు. ఆ నీళ్ళ వేడి వల్ల తగ్గే చల్లదనం వందకు మూడు వంతులు.

ఏది కొనాలి

మన ఊళ్ళలో ఎండాకాలం ముందు వెల్డింగ్ షాపుల వాళ్ళు చేసి అమ్మే ఇనప రేకు కూలర్ అసలు బలం ఫ్యానులో ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాను లాంటి 18 అంగుళాల మెటల్ రెక్కలు, గట్టి మోటారు, మూడు వైపులా పెద్ద ప్యాడ్లు. తెరిచిన చోట కావలసింది ఇదే, ఎందుకంటే కూలర్ వరండాను చల్లబరచలేదు. కూలర్ నుంచి మీ దాకా వచ్చే గాలి పాయను మాత్రమే చల్లగా ఉంచగలదు. ఆ పాయ ముందుకు పోయేకొద్దీ చుట్టుపక్కల వేడి గాలిని కలుపుకుంటుంది. ఏడెనిమిది అడుగుల దాకా చల్లదనం నిలుస్తుంది, పదిహేను అడుగులకు సగం పోతుంది, అడ్డంగా గాలి వీస్తే ఇంకా ముందే పోతుంది. ఫ్యాను వెడల్పుగా, గాలి ఎక్కువగా ఉంటేనే ఈ పాయ దూరం నిలబడుతుంది. కాబట్టి అంగట్లో తొట్టి ఎన్ని లీటర్లని కాదు, ఫ్యాను ఎన్ని అంగుళాలు, గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి అని అడగండి. డెజర్ట్ కూలర్లకు ఐఎస్ 3315 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆ ముద్ర ఉన్నదైతే గాలి లెక్కను కాస్త నమ్మొచ్చు.

రేకు కూలర్ కొనేటప్పుడు తొట్టి లోపలి మూలలు చూడండి. వెల్డింగ్ అతుకుల మీద తారు లేదా మందమైన పెయింటు పూర్తిగా పట్టి ఉండాలి. వేలితో తడిమితే గీరుకునేంత కరుకుగా, అక్కడక్కడా మెరిసే రేకు కనిపిస్తూ ఉంటే రెండో ఎండాకాలానికి తుప్పు పట్టి, మూడో ఏటికి కారుతుంది. జీఐ (జింకు పూత పూసిన ఇనప) రేకు 22 గేజిదా, 24 గేజిదా అని అడగండి. 22 గేజిదే ఎక్కువ మందం. ఫైబర్ తొట్టి బిగించి ఇచ్చేవాళ్ళు దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. మోటారు విషయంలో రాగి వైండింగ్ అని బిల్లు మీద రాయించుకోండి.

కంపెనీ ప్లాస్టిక్ డెజర్ట్ కూలర్లలో 16 నుంచి 18 అంగుళాల ఫ్యాను, 60–90 లీటర్ల తొట్టి ఉన్నవి వరండాకు పనికొస్తాయి. బాడీకి తుప్పు రాదు, షాకు భయం చాలా తక్కువ, శబ్దం కూడా రేకు దానికంటే తక్కువ. తేనెపట్టు గళ్ళలా ఉండే హనీకోంబ్ ప్యాడ్లు రెండు మూడు సీజన్లు ఆగుతాయి. లోపాలు లేకపోలేదు. కింది చక్రాలు కడప బండల సందుల్లో ఇరుక్కుని, నిండు తొట్టితో లాగితే విరుగుతాయి. నేరుగా ఎండలో ఉంచితే రెండు మూడేళ్ళకు ప్లాస్టిక్ పెళుసుబారి, ప్యాడ్ డోరు క్లిప్పులు ముందుగా తెగుతాయి. గాలిని పక్కలకు తిప్పే స్వింగ్ రెక్కలు వరండాలో మేలుకంటే కీడే ఎక్కువ చేస్తాయి. గాలి పాయ అటూ ఇటూ తిరిగితే ఎవరికీ చల్లదనం అందదు. స్వింగ్ ఆపి, రెక్కలను నేరుగా కూర్చునేవాళ్ళ వైపు పెట్టుకోండి. రిమోట్, టచ్ బటన్లు ఉన్నవి దుమ్మూ తేమా ఉన్న చోటికి మంచిది కాదు. మామూలు తిప్పుడు స్విచ్చు ఉన్నదే పదేళ్ళు నడుస్తుంది.

కర్నూలు నుంచి అనంతపురం వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి పక్క డాబాల లాంటి పెద్ద షెడ్లకు, మిద్దె మీది హోటళ్ళకు 24 అంగుళాల జంబో కూలర్లు పెడుతుంటారు. కానీ ఇక్కడ ఒక పెద్ద కూలర్ కంటే రెండు మామూలువి, ఒక్కో వరుస బల్లలకు ఒకటి చొప్పున పెట్టడమే నయం. దూరం తగ్గుతుంది, ఒకటి చెడినా రెండోది ఉంటుంది. నీటి తుంపర చిమ్మే మిస్ట్ ఫ్యాన్ల మీద నాకు అంత నమ్మకం లేదు. బోరు నీళ్ళ ఉప్పుకు వాటి సన్నని నాజిళ్ళు త్వరగా పూడుకుపోతాయి, గాలి తేమగా ఉన్న రోజున తుంపర ఆవిరి కాకుండా పళ్ళేల మీద పడుతుంది.

ప్యాడ్ల విషయానికొస్తే, కూలర్ గడ్డి చవక, కొత్తగా ఉన్నప్పుడు చల్లదనంలో దేనికీ తీసిపోదు. కానీ నీళ్ళు పడి పడి గడ్డి కిందికి జారుతుంది, పైన రెండు మూడు అంగుళాల సందు ఏర్పడుతుంది. ఆ సందులోంచి వేడి గాలి నేరుగా లోపలికి దూసుకొస్తుంది, ఎందుకంటే గాలికి అడ్డులేని దారే సులువు. వెనక డోరు దగ్గర నిలబడి, లోపలి నుంచి వెలుతురు కనబడే చోటల్లా గడ్డి సర్ది, మెష్‌కు రెండు వరుసల దారంతో కుట్టండి. సీజన్‌కు ఒకసారి గడ్డి మార్చాల్సిందే. వట్టివేళ్ళ ప్యాడ్ వాసన హాయిగా ఉంటుంది, చల్లదనం గడ్డిదాని లాంటిదే, ధర ఎక్కువ. నా ఓటు 90 మిల్లీమీటర్ల మందం హనీకోంబ్‌కు. రేకు కూలర్‌కు కూడా కొలత ఇచ్చి కోయించి బిగించుకోవచ్చు. తీసి కడిగేటప్పుడు ఏ వైపు బయటికి ఉండేదో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. తిరగేసి పెడితే కొన్ని ప్యాడ్ల నుంచి నీటి చుక్కలు ఫ్యానులోకి వస్తాయి.

ఎక్కడ పెట్టాలి

ఎండాకాలంలో మన వైపు వేడి గాలి ఎక్కువగా పడమర, వాయవ్యం నుంచి వీస్తుంది. కూలర్ వీపు ఆ గాలి వచ్చే వైపు ఉండాలి, నోరు గాలి పోయే వైపు. అప్పుడు బయటి గాలి కూలర్‌కు సాయం చేస్తుంది. ఎదురుగా పెడితే చల్లని పాయ మూడడుగుల్లోనే విరిగి చెదిరిపోతుంది. కూలర్ మీద ఎండ పడకూడదు. పడమటి వైపు వెదురు తడికో, గ్రీన్ నెట్టో కట్టి, తడికకూ ప్యాడ్‌కూ మధ్య కనీసం అడుగున్నర ఖాళీ వదలండి.

ఎత్తు చాలామంది పట్టించుకోరు. వరండా నేల కడప నాపరాళ్ళదో, బేతంచెర్ల బండలదో అయితే సాయంత్రం ఆరింటికి కూడా కాలు పెట్టలేనంత వేడిగా ఉంటుంది. నేల మీద పెట్టిన కూలర్ ఆ బండలను అంటుకుని ఉన్న వేడి గాలినే పీలుస్తుంది. రెండడుగుల ఇనప స్టాండు మీద పెడితే పీల్చే గాలి కాస్త నయంగా ఉంటుంది, వచ్చే గాలి కుర్చీలో కూర్చున్నవాళ్ళ ఛాతీకి తగులుతుంది. నవారు మంచం మీద పడుకునేవాళ్ళకైతే అడుగు ఎత్తు చాలు. కూలర్ వేయడానికి అరగంట ముందు బండల మీద రెండు బిందెల నీళ్ళు చల్లి ఆరనివ్వండి. బండల వేడి బాగా దిగుతుంది. కూలర్ నడుస్తుండగా చల్లితే ఆ ఆవిరి కూలర్‌లోకే పోతుంది కాబట్టి ముందే చల్లాలి.

దోమలనీ దుమ్మనీ వరండా నాలుగు వైపులా ప్లాస్టిక్ పట్టాలు దించేవాళ్ళున్నారు. అలా మూస్తే కూలర్ తను వదిలిన తడి గాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. అరగంటలో తేమ ఎక్కి, మే నెలలోనే జూలై ఉక్కపోత తెచ్చుకున్నట్టవుతుంది. దోమతెర వాడండి, పట్టా వద్దు. మూయక తప్పకపోతే కూలర్ వీపు బయటికి ఉండేలా పెట్టి, ఎదురు వైపు పూర్తిగా తెరిచి ఉంచండి.

నీళ్ళు, ఉప్పు

మన కూలర్లను చంపేది ఎండ కాదు, బోరు నీళ్ళు. నీళ్ళు ఆవిరైపోతాయి, అందులోని ఉప్పు, సున్నం మాత్రం పోవు. లీటరుకు 1000 మిల్లీగ్రాముల లవణాలున్న బోరు నీళ్ళు రోజుకు వంద లీటర్లు ఆవిరైతే వంద గ్రాముల ఉప్పు ప్యాడ్‌లో, తొట్టిలో మిగులుతుంది. వారానికి ముప్పావు కిలో. హనీకోంబ్ అంచుల మీద తెల్లగా, గోటితో గీకితే పెళ్ళలుగా ఊడే పొర అదే. ఆ పొర రంధ్రాలను మూస్తుంది, గాలి తగ్గుతుంది, మోటారు మీద భారం పెరుగుతుంది. కర్నూలులో తుంగభద్ర నీళ్ళు, అనంతపురంలో పీఏబీఆర్ (పెన్నహోబిలం రిజర్వాయరు) నీళ్ళు కొళాయికి వచ్చే ఇళ్ళవాళ్ళు కూలర్‌కు అవే వాడండి. ప్యాడ్ ఆయుష్షు బాగా పెరుగుతుంది.

బోరు నీళ్ళే గతైతే, పంపు గొట్టానికి గొట్టాన్ని రెండు పాయలుగా చీల్చే ‘T’ ఆకారపు ముక్క బిగించి, డ్రిప్పు పైపు ముక్కతో కొంచెం నీళ్ళు నిరంతరం బయటికి వదలండి. లీటరు సీసా పది నిమిషాల్లో నిండేంత ధార చాలు. ఆ నీళ్ళు కొబ్బరి చెట్టు మొదట్లోకి పెట్టొచ్చు, గులాబీ కుండీలకు వద్దు. అంత పని చేయలేనివాళ్ళు రెండు రోజులకోసారి తొట్టి అడుగు మూత తీసి మొత్తం ఖాళీ చేయాలి. పేరుకున్న పొరకు నిమ్మ ఉప్పు మంచి మందు. లీటరు నీళ్ళకు 50 గ్రాములు కలిపి, పంపు జాలీని, పైన నీళ్ళు పంచే గొట్టాన్ని గంటసేపు నానబెట్టి, మెత్తని బ్రష్‌తో రుద్దండి. బాత్‌రూమ్ యాసిడ్ హనీకోంబ్ మీద పోయకండి. అది కాగితంతో చేసింది, జిగురు వదిలి పొరలు ఊడిపోతాయి.

గంటకు 18 లీటర్లు తాగే కూలర్‌కు 70 లీటర్ల తొట్టి నాలుగు గంటలు కూడా రాదు. అందుకే తొట్టి నిండగానే దానంతట అదే మూసుకునే ఫ్లోట్ వాల్వు పెట్టి ట్యాంకు నుంచి అర అంగుళం పైపు కలపడం తప్పనిసరి అంటాను. నీళ్ళు లేకుండా పంపు తిరిగితే కాసేపట్లోనే కాలిపోతుంది. పంపు మునిగి, పైన ఇంకో రెండు అంగుళాల నీళ్ళు ఎప్పుడూ ఉండాలి.

ఏ నీళ్ళు వాడినా తొట్టిని కనీసం వారానికోసారి ఖాళీ చేయాలి, దానికి కారణం దోమలు. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు చాలు. గుడ్లు నీటి అంచున తొట్టి గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి నీళ్ళు పారబోస్తే చాలదు, గోడలను పీచుతో రుద్ది కడిగి, ఒక పూట ఆరబెట్టాలి. పంపు ఆపి ఫ్యాను మాత్రమే వాడే వానాకాలం రోజుల్లో తొట్టిలో చుక్క నీరు ఉంచకూడదు. కదలని నీళ్ళు అప్పుడే ఎక్కువ ప్రమాదం.

షాకు

రేకు కూలర్, తడి నేల, చెప్పుల్లేని కాళ్ళు. ఈ మూడూ కలిసిన చోట వైరు ఎక్కడైనా చెదిరి బాడీకి తగిలితే ప్రాణం పోతుంది. ప్రతి ఎండాకాలం ఇలాంటి చావులు వింటూనే ఉన్నాం. రెండు పిన్నుల ప్లగ్గుతో రేకు కూలర్ నడపకండి. మూడు పిన్నుల ప్లగ్గు, అందులో పచ్చ వైరు కూలర్ బాడీకి బోల్టుతో బిగించి ఉందో లేదో కళ్ళారా చూడండి. ఆ బోల్టు కింద పెయింటు గీకి ఉండాలి, లేకపోతే కరెంటు దారి దొరకదు. ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) పెట్టించండి. దాని మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కితే ఠక్కున పడిపోవాలి.

మన నేలలో ఇంకో చిక్కు ఉంది. రాతి నేల, వానల్లేని నెలలు. మే నాటికి ఎర్త్ గుంత ఎండిపోయి, వైరు ఉన్నా ఎర్తింగ్ పనిచేయదు. కూలర్ వాడే కాలమూ అదే. వారానికి రెండుసార్లు ఎర్త్ గుంతలో బకెట్టు నీళ్ళు పోయండి. తొట్టి నింపేటప్పుడు, ప్యాడ్ సర్దేటప్పుడు స్విచ్చు ఆపడం కాదు, ప్లగ్గు పీకేయాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద పెట్టకండి, గోడకు మేకు కొట్టి తగిలించండి.

నడిపే తీరు, వచ్చే తిప్పలు

ముందు పంపు వేసి ఐదు నుంచి పది నిమిషాలు ప్యాడ్లు పూర్తిగా తడవనివ్వండి, తర్వాత ఫ్యాను. ఆపేటప్పుడు కూడా ముందు పంపు ఆపి, పావుగంట ఉత్త ఫ్యానుతో ప్యాడ్లు ఆరనివ్వండి. చేపల వాసన వస్తోందని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువభాగం ఈ ఒక్క అలవాటుతో పోతాయి. కొత్త గడ్డి వాసన మాత్రం రెండు రోజులు ఉంటుంది, దానంతట అదే పోతుంది.

నీటి చుక్కలు మొహాన పడుతుంటే పంపు ధార ఎక్కువైనట్టు. గొట్టం మీది క్లిప్పు కొంచెం బిగించండి. ప్యాడ్‌లో ఒక పక్క పొడిగా ఉంటే పైగొట్టం రంధ్రాలు పూడాయి, సన్నని తీగతో గుచ్చండి. కూలర్ ఒక పక్కకు వాలి ఉన్నా ఇలాగే అవుతుంది, కాబట్టి స్టాండు కింద రాతి ముక్క పెట్టి మట్టం చూసుకోండి. ఫ్యాను మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతుంటే మొదట అనుమానించాల్సింది కెపాసిటర్. మోటారు మీద రాసిన మైక్రోఫారడ్ విలువదే తెచ్చి వేయించండి. అయినా తిరగకపోతే ఇరుసును పట్టి ఉంచే బుష్‌లు అరిగాయి. చేత్తో ఇరుసును పైకీ కిందికీ కదిపితే టకటకమంటే అదే. సాయంత్రం వోల్టేజీ పడిపోయే శివారు కాలనీల్లో మోటారు వేడెక్కడం మామూలు. స్పీడు తగ్గించినా వేడి తగ్గదు, స్టెబిలైజర్ పెట్టుకోవాలి.

కరెంటు ఖర్చు చూస్తే 200 వాట్ల కూలర్ ఐదు గంటలకు ఒక యూనిట్. కరెంటు పోయినా మామూలు ఇన్వర్టర్ మీద నడుస్తుంది. పంపు ఆపి ఫ్యాను మాత్రమే వేసుకునే రోజుల్లో ఇంకో ఇరవై వాట్లు తగ్గుతాయి.

ఆ పంపు ఆపే రోజులు ఎప్పుడొస్తాయన్నది ఊరిని బట్టి మారుతుంది. అనంతపురంలో నైరుతి వానలు తక్కువ, జూన్ నుంచి గాలి మాత్రం జోరుగా వీస్తుంది. పొడిగా ఉన్న మధ్యాహ్నాలు జూలైలో కూడా దొరుకుతాయి, కానీ ఆ గాలికి కూలర్ పాయ నిలవదు. కూలర్‌కు ఐదారు అడుగుల్లోనే కూర్చోవాలి. కర్నూలులో జూన్ చివరికి ఉక్కపోత మొదలవుతుంది. కడపలో అక్టోబరు, నవంబరు వాయుగుండాల రోజుల్లో గాలి మరీ చెమ్మగా ఉంటుంది, అప్పుడు పంపు జోలికే పోవద్దు. 35 డిగ్రీల లోపు ఉన్నప్పుడు ఒంటి చెమట ఆరడానికి వట్టి గాలి చాలు. రేకు కూలర్ ప్యాడ్ డోర్లు మూడూ తీసి పక్కన పెడితే, అదే మోటారుకు గాలి ఇంకా ఎక్కువ వస్తుంది.

సీజన్ అయ్యాక తొట్టి ఆరబెట్టి, రేకు గీసుకున్న చోట్ల పెయింటు పూసి, పంపు విడిగా తీసి కడిగి దాచండి. కూలర్‌ను ప్లాస్టిక్ పట్టాతో చుట్టకండి. లోపల చెమ్మ ఆగి, ఆరు నెలల్లో అడుగు తుప్పు పడుతుంది. పాత దుప్పటి కప్పితే గాలి ఆడుతుంది. గడ్డి ప్యాడ్లు మాత్రం అప్పుడే తీసి పారేయండి, వాటిలో ఎలుకలు గూడు పెడతాయి, మోటారు వైర్లు కొరికేది అవే.